బొరుసు పడితే నిజం

ఫిబ్రవరి 3

తమ్ముడితో మళ్ళీ వాదన. వాడు నవ్వుతూనే అంటాడు, ఉడుక్కునేది నేనే. నలభై నాలుగేళ్ళొచ్చినా వాడి ముందు ఉడుక్కోవడం మాత్రం పోలేదు.

వాడి మాట ఎప్పటిదే. "ఆయన వెనక జనం ఎవరున్నారక్కా? తుపాకులున్నాయి, అంతే. రోజుకి పది బిల్డింగుల్లో లిఫ్టులు బాగుచేస్తాను. లోపల మనుషులేం మాట్లాడుకుంటారో నీ ఆఫీసుకేం తెలుసు? మెకానిక్కంటే వాళ్ళ దృష్టిలో స్క్రూడ్రైవరుతో సమానం. నా ఎదురుగానే తిడతారు."

"తలుపు తెరుచుకున్నాక?"

"నోరు మూసుకుంటారు. భయం."

"ఇరవై రెండేళ్ళు దేశాన్నేలిన మనిషి ఒట్టి భయం మీదే నిలబడతాడా? ఒరేయ్, లిఫ్టుని మోటారొక్కటే లాగదని నువ్వే కదరా చెప్పావు? గోడ వెనకాల కౌంటర్‌వెయిట్ ఉంటుంది, ఎక్కినవాళ్ళకి కనపడదు, అది లేకపోతే మోటారు పొగలు కక్కుతుందన్నావు. మరి ఈయనగారి కౌంటర్‌వెయిట్ ఏదీ?"

చెవి వెనక గోక్కున్నాడు. దొరికిపోయినప్పుడు వాడు చేసేది అదే.

"జనాన్ని లెక్కపెట్టే ఉద్యోగమేగా నీది? లెక్కపెట్టి చూపించు. వందకి పదిమంది మనసారా ఆయన్ని కోరుకుంటున్నారని తేల్చు. నా టూల్ బ్యాగు తెచ్చి నీ కాళ్ళ దగ్గర పెడతాను."

వంటగదిలోంచి అమ్మ: "మెల్లగా ఏడవండి, గోడలకి చెవులుంటాయి. ఆయనే లేకపోతే అసలు ఆ గోడలెక్కడివి మనకి? వరదలో అన్నీ పోయి బడి వరండాలో పడుకున్నాం, అప్పుడే మర్చిపోయారా?"

మర్చిపోలేదు. తాళంచెవి అమ్మ చేతికిచ్చిన రోజు నాకు బాగా గుర్తు. అమ్మ గుమ్మం మీద కూర్చుని గచ్చుని చేత్తో నిమిరింది.

ఫిబ్రవరి 5

మా ఆఫీసు పెద్దసారు నా సర్వే పద్ధతికి ఒప్పుకున్నారు! ప్రతి ఏడూ మా సర్వేలో ఆయనకి వచ్చే తొంభై ఏడు శాతాన్ని పైవాళ్ళు కూడా నమ్మడం లేదట. ఈసారి అసలు అంకె కావాలన్నారట, వాళ్ళ కళ్ళకి మాత్రమే.

నా పద్ధతి ఇది. ఇంటికొకరు. తలుపేసుకుని, ఎవరూ చూడకుండా, వాళ్ళ నాణెం వాళ్ళే ఎగరెయ్యాలి. బొమ్మ పడితే మనసులో ఏమున్నా "అవును" అనాలి. బొరుసు పడితే నిజం చెప్పాలి. ఏది పడిందో మాకు చెప్పక్కర్లేదు. "అవును" అన్నవాడు నాణెం వల్ల అన్నాడో మనసుతో అన్నాడో దేవుడికి కూడా తెలియదు. అందుకే ఎవరికీ ప్రమాదం లేదు. వెయ్యిమందిలో ఐదువందలమందికి బొమ్మే పడుతుంది, ఆ ఐదువందల అవునుల్నీ తీసేస్తే మిగిలింది నిజం.

ప్రశ్నలు రెండు, ప్రశ్నకొకసారి నాణెం. ఒకటి: ఆయనే కొనసాగాలని కోరుకుంటున్నారా? రెండు: మీ కుళాయికి నీళ్ళు సరిగా వస్తున్నాయా?

రెండోది నా తెలివి. నీళ్ళు రావని ఊరందరికీ తెలుసు. రావంటే ఫిర్యాదు చేసినట్టు, ఫిర్యాదు చేస్తే నేరం. అందుకని ఏ ఫారం చూసినా కుళాయిలు పొంగిపొర్లుతూ ఉంటాయి. నాణెం చేతికిచ్చాక నీళ్ళ గురించి నిజం చెప్పారంటే, మొదటిదాని గురించి కూడా చెప్పారని నమ్మొచ్చు.

తమ్ముడికి చెబితే పడిపడి నవ్వాడు. "నాణెం మీద బొమ్మ ఆయనదే కదక్కా! ఆయన మొహం పడితే అబద్ధం, తిరగబడితే నిజం. పద్ధతి అదిరింది."

ఫిబ్రవరి 8

భోజనాల దగ్గర తమ్ముడు చెప్పాడు. ఇవాళ ఒక లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయిందట, లోపల ఆరుగురు. వీడు పైనుంచి తల దూర్చి, "కంగారుపడకండి, మన దేశమూ ఇలాగే ఉంది, పైకీ పోదు, కిందికీ రాదు. తాడు పట్టుకున్నవాడు ముసలాడైపోయాడు" అన్నాడట. నలుగురు పగలబడి నవ్వారట.

"మిగతా ఇద్దరు?" అన్నాను.

"వాళ్ళకి జోకులు అర్థంకావేమో."

అమ్మ తినడం ఆపేసింది. నోరు అదుపులో పెట్టుకోరా అన్నాను. ఎప్పుడూ లేనిది, వాడు నవ్వకుండా అన్నాడు: "నువ్వు వాళ్ళ గుమాస్తావక్కా. నీకు జీతంతోపాటు భయం కూడా ఇస్తారు. నాకు జీతమొక్కటే."

నేను కంచం తీసుకుని లేచిపోయాను.

ఫిబ్రవరి 9

అమ్మకి ఒక ఉత్తరం రాసిపెట్టాను. చూపు ఆనదు కదా పాపం. చిన్న విషయం.

ఫిబ్రవరి 12

సర్వేకి నేను కూడా వెళ్ళాను. జనం ఇంత ముద్దొస్తారని మర్చిపోయాను.

ఒక ముసలాయన తలుపేసుకుని లోపల నాణెం వేసి, ఎంతకీ బయటికి రాడు. "ఏమైంది బాబాయ్?" అంటే, "మంచం కిందికి దొర్లిపోయిందమ్మా, అక్కడ ఏం పడిందో అదే లెక్కా, మళ్ళీ వెయ్యాలా?" అన్నాడు. బట్టలు ఉతుకుతున్న ఒకావిడ తడిచేతుల్తోనే లోపలికెళ్ళి, గడప దాటకుండానే అరిచింది: "అవును! అవును! ఇంక నన్నేం అడక్కు తల్లీ, అన్నది నేను కాదు, నాణెం!" వీధి వీధంతా నవ్వింది. ఫారం పట్టుకుని నేను కూడా.

తమ్ముడికి చెప్పాలి. ఎనిమిదో తారీకునుంచి సరిగా మాటల్లేవు.

ఫిబ్రవరి 16

వాడు నిన్న ఇంటికి రాలేదు.

ఫిబ్రవరి 17

రాలేదు. మా బిల్డింగు లిఫ్టు పొద్దున ఆగిపోయింది. ఐదంతస్తులు నడిచే దిగాను.

ఫిబ్రవరి 18

వాడి కంపెనీకి వెళ్ళాను. సూపర్‌వైజరు నా మొహం చూడకుండా బల్ల మీద కాగితాలు సర్దుతూ చెప్పాడు. పదిహేనో తారీకు పొద్దున ఇద్దరొచ్చారట. మర్యాదగానే మాట్లాడారట. "సవరణకండి, బుద్ధి చెప్పి పంపడానికి. ఇంటినుంచి విన్నపం వచ్చిందన్నారు."

ఇంటినుంచి అంటే ఏ ఇంటినుంచో? ఇలాంటివాటిలో పేర్లు తారుమారవుతుంటాయి.

మెట్ల మీద ఆరో అంతస్తు నర్సు కలిసింది. మంచిమనిషి, అమ్మకి బీపీ చూస్తుంది, ఒక్కసారి కూడా ఏమీ పుచ్చుకోలేదు. విషయం చెబితే నా చెయ్యి పట్టుకుంది. "సవరణకే కదా, భయపడకండి. మూడో అంతస్తు టైలర్ని చూశారుగా, పదో రోజుకి ఇంటికొచ్చాడు, కాస్త ఒళ్ళు కూడా చేశాడు. బయటివాళ్ళు రాస్తే వాళ్ళు తీసుకోరు తెలుసా? ఇంటివాళ్ళు రాస్తేనే. నన్నడిగితే అదే మంచి పద్ధతి. లేకపోతే ఈ పెట్టెతో జనం పాత కక్షలన్నీ తీర్చుకోరూ?"

పెట్టె కింద, లిఫ్టు తలుపు పక్కనే ఉంటుంది. ఆకుపచ్చది. "మీ మనిషి గురించి మీరే చెప్పండి" అని ఉంటుంది దాని మీద. రోజూ దాని పక్కనుంచే వెళ్తాను.

బయటివాళ్ళు రాస్తే తీసుకోరు. మా ఇంట్లో ఉండేది ముగ్గురం.

ఫిబ్రవరి 20

అమ్మ రోజూ వాడి కంచం పెడుతోంది. ఏడవడం లేదు. "ఇంకో ఐదు రోజులే," అంటోంది. "పది రోజులేగా. బుద్ధిమంతుడై వస్తాడు."

ఇంకో ఐదు రోజులని ఎలా తెలుసమ్మా అని అడగలేదు.

ఫిబ్రవరి 21

టైలరు దగ్గరికి వెళ్ళాను, జాకెట్టు కుట్టించుకోవాలన్న వంకతో. "అక్కడ ఎలా చూస్తారు?" అన్నాను. "బాగానే చూస్తారమ్మా." మళ్ళీ, "బాగానే చూస్తారు." సూదిలో దారం ఎక్కిస్తూనే ఉన్నాడు. ఏడుసార్లయింది, ఎక్కలేదు. కళ్ళకేమీ లోపం లేదు. చేతులు.

ఈ మనిషిని నెలరోజులుగా చూస్తున్నాను. ఒళ్ళు చేశాడని నేను కూడా అనుకున్నాను. అది వాపు.

ఫిబ్రవరి 23

లెక్క పూర్తయింది. వెయ్యి ఫారాలు. మొదటి ప్రశ్నకి "అవును" ఎనిమిది వందల పది.

నాణెం తాలూకు ఐదువందలు తీసేస్తే మూడువందల పది. ఐదువందలమందిలో మూడువందల పదిమంది. వందకి అరవై రెండు.

మళ్ళీ లెక్కపెట్టాను. ఎనిమిది వందల పది.

వాడడిగింది పది.

ఫిబ్రవరి 24

వాళ్ళు అబద్ధం చెప్పి ఉంటారు. బొరుసు పడినా భయపడి అవునని ఉంటారు. తలుపు వెనక ఒంటరిగా ఉన్నా నాణెం మీది ఆ మొహం చూసి ఉంటారు. అంతే అయ్యుంటుంది. పొద్దుటినుంచి ఇదే అనుకుంటున్నాను. అనుకుంటే కాస్త ఊపిరాడుతోంది. తమ్ముడు చెప్పిందే నిజం, ఉన్నది భయమే, నా కౌంటర్‌వెయిటూ లేదు, పాడూ లేదు. వాడు రాగానే నువ్వే గెలిచావురా అంటాను.

నీళ్ళ ప్రశ్న ఇంకా లెక్కపెట్టలేదు. రేపు.

ఫిబ్రవరి 25

నీళ్ళు సరిగా వస్తున్నాయా? "అవును" ఐదువందల పద్నాలుగు.

అంటే నిజం చెప్పమన్న ఐదువందలమందిలో అవునన్నది పద్నాలుగు మంది. మిగతావాళ్ళంతా నేరమని తెలిసి కూడా రావని చెప్పారు. బొరుసు పడితే నిజం చెప్పమన్నాను, చెప్పారు. అదే తలుపు వెనక, అదే నాణెంతో, అవే నోళ్ళతో. నీళ్ళ గురించి నిజం చెప్పారు. ఆయన గురించీ నిజమే చెప్పారు.

బట్టలు ఉతుకుతున్న ఆవిడ. మంచం కింద నాణెం వెతుక్కున్న ముసలాయన. నీళ్ళు రావడం లేదు, ఆయన ఉండాలి. రెండూ ఒకే మనిషిలో ఎలా పడతాయి?

అమ్మలో పట్టినట్టే.

ఇవాళ పదో రోజు. వాడు రాలేదు.

ఫిబ్రవరి 27

పెద్దసారుకి అంకె చూపించాను.

"అరవై రెండా? అంతేనా?"

"అంతేనా అంటారేంటి సార్?"

"అమ్మా, మీరు పెద్ద చదువులు చదివారు కానీ లోకం తెలీదు. తొంభై ఏడుకి అలవాటుపడ్డ మనిషికి అరవై రెండు చూపిస్తే గుండె ఆగిపోదూ? ముందు మన గుండెలు ఆగుతాయి."

"అసలు అంకె కావాలన్నారుగా సార్?"

"అన్నారు. బాగున్నానా అని అద్దాన్ని అడుగుతాం, అద్దం నిజం చెబుతుందనా?" కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "తొంభై ఐదని వేద్దాం. రెండు తగ్గించాం కాబట్టి నిజమని నమ్ముతారు."

ఆయనకి ఆ అంకె మరీ తక్కువ. నాకేమో మరీ ఎక్కువ. ఆ గదిలో ఇద్దరం ఒకే కాగితం చూసి వణికాం.

మార్చి 1

పద్నాలుగో రోజు. అమ్మ కంచం పెట్టింది.

మార్చి 4

పొద్దున ఒకాయన వచ్చాడు. నా వయసే ఉంటుంది, కళ్ళజోడు, చంకలో ఫైలు, చేతిలో తమ్ముడి టూల్ బ్యాగు. ఐదంతస్తులు ఎక్కి రొప్పుతున్నాడు. మంచినీళ్ళిచ్చాను. తాగి, "లిఫ్టు బాగుచేయించుకోవచ్చు కదండీ," అన్నాడు.

అమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. వచ్చింది వాడేననుకుని లేవబోయింది.

ఆయన బ్యాగు తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టాడు.

కాగితంలో గుండె ఆగి మరణం అని ఉంది. తారీకు ఫిబ్రవరి 19. సవరణకి వెళ్ళిన నాలుగో రోజు. నేను టైలరు దగ్గర జాకెట్టు కుట్టించుకోబోయేటప్పటికే.

అందినట్టు రాసి సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. ఫైల్లోంచి ఇంకో కాగితం తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. "విన్నపం రాసింది కూడా మీరేనా? అక్షరాలు ఒకేలా ఉన్నాయి. మంచిదైంది, ఇంక సాక్షి సంతకం అక్కర్లేదు." అని నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

మార్చి 5

బ్యాగులో పన్నెండు స్పానర్లు, టెస్టరు, గ్రీజు డబ్బా, సగం తిన్న బిస్కెట్ల పొట్లం.

మార్చి 7

రాస్తాను. ఇది నేను తప్ప ఎవరూ చదవని పుస్తకం, ఇందులో కూడా "చిన్న విషయం" అని రాసుకున్నాను. ఫిబ్రవరి 9. పేజీ తిప్పితే కనపడుతోంది.

ఆ రోజు అమ్మ నన్ను పిలిచి, వంటగది తలుపు దగ్గరికి వేసి, కాగితం పట్టుకోమంది. "వాణ్ణి ఇలా వదిలేస్తే ఎవరో ఒకరు నిజంగానే పట్టుకెళ్తారే. అంతకన్నా ముందు మనమే చెప్పుకుంటే చివాట్లేసి వదిలేస్తారు. టైలరు రాలేదూ?" నేను వద్దనలేదు. ఒక్కసారి కూడా వద్దనలేదు. "గుమాస్తావి" అన్న మాట ఇంకా మండుతోంది. నాలుగు రోజులు ఎవరో కూర్చోబెట్టి భయపెడితే తప్పేంటి, వాడికే మంచిది అనిపించింది. మంచిది! అంత తేలిగ్గా నమ్మాను. వాళ్ళు పెద్దమనుషులని, వింటారని, మంచిమాటలు చెప్పి పంపుతారని.

అమ్మ చెప్పింది: "మా అబ్బాయి మంచివాడు. నోరు ఆగదు. నాలుగు చివాట్లేసి పంపండి." నేను "చివాట్లేసి" కొట్టేసి "మంచిమాటలు చెప్పి" అని రాశాను. ఆ తర్వాత ఒక వాక్యం అమ్మ చెప్పకుండా నేనే కలిపాను. "ముఖ్యంగా, లిఫ్టుల్లో ప్రజలతో మాట్లాడటం మానేలా చూడగలరు."

ఎందుకు కలిపాను? స్పష్టత కోసం. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని అది. విషయం అస్పష్టంగా ఉంటే జవాబు తప్పుతుందని కొత్తగా చేరినవాళ్ళకి నేనే పాఠం చెబుతాను. అమ్మ ఉత్తరంలో ఉన్నది నోరాగని కొడుకు, అలాంటివాళ్ళు ఇంటికొకడుంటాడు. నా వాక్యం వల్ల వాడు ప్రజలతో మాట్లాడేవాడయ్యాడు.

ఆయన తుపాకులు మా ఐదో అంతస్తుకి ఎప్పుడూ రాలేదు. ఒక్క సిపాయి కూడా మెట్లెక్కలేదు. ఆకుపచ్చ పెట్టెలో కాగితం వేసి నేను ఆఫీసుకి వెళ్ళాను. లిఫ్టులోనే దిగాను, అప్పటికి బాగానే పనిచేస్తోంది. గోడ వెనక బరువు పైకి పోయి ఉంటుంది.

అరవై రెండుమందిని తిట్టుకుంటూ పది రోజులు గడిపాను. నన్నెవరూ అడగలేదు కాబట్టి నేను లెక్కలో లేననుకున్నాను.

మార్చి 8

నర్సు వచ్చి అమ్మని పట్టుకుని ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. పాలు కాచి తాగించింది. వెళ్ళేటప్పుడు నాతో, "గుండె బలహీనమేమో పాపం, ముందే పరీక్ష చేయించాల్సింది," అంది.

మార్చి 10

అమ్మ ఇవాళ కంచం పెట్టలేదు. కాగితం, పెన్ను పట్టుకుని వచ్చింది.

"రాయవే."

"ఎవరికమ్మా?"

"ఆయనకి. ఇదంతా ఆయనకి తెలీదు. కిందవాళ్ళు చేసిన పని ఇది. తెలిస్తే ఊరుకుంటాడా? మనకి ఇల్లిచ్చినవాడు, మన బిడ్డని చంపుకుంటాడా? నువ్వు రాయి. అన్నీ తెలిసేలా రాయి."

అమ్మ మొహం చూశాను. ఆయనకి తెలుసని చెబితే ఇంక ఆవిడ చేతుల్లో ఏం మిగులుతుంది? తన చేత్తో తనే... చెప్పలేకపోయాను. రాయనూ లేకపోయాను.

"నా చెయ్యి ఆడట్లేదమ్మా," అన్నాను.

ఆ ఉత్తరంలో నేను ఏం కలిపానో అమ్మకి ఇప్పటికీ తెలియదు. తర్వాత తనే బల్ల దగ్గర కూర్చుని, ముక్కు కాగితానికి ఆనించి రాయడం మొదలుపెట్టింది. పిల్లల అక్షరాలు. "అయ్యా, నా బిడ్డ" అన్నంతవరకు చదవగలిగాను. ఆ తర్వాత వరుస కనపడక, రాసినదాని మీదే మళ్ళీ రాసింది. దాని మీద ఇంకోటి. గంటసేపు రాసింది. పేజీలో సగం తెల్లగా ఉంది, సగం నల్లగా అలుక్కుపోయింది.

"కుదిరిందా?"

"బాగా కుదిరిందమ్మా."

"వేసి రా."

మెట్లు దిగాను. పెట్టె ముందు నిలబడ్డాను. వేస్తే, ఎవరికీ అర్థంకాని ఆ కాగితం అమ్మ పేరుతో ఫైల్లో చేరుతుంది. వెయ్యకపోతే, అమ్మ బతికినన్నాళ్ళూ ఆయన జవాబు కోసం ఎదురుచూస్తుంది. చేతిలో నాణెం కూడా ఉంది, ఎందుకు తెచ్చుకున్నానో తెలియదు. ఎగరెయ్యలేదు. కాగితం మడిచి ఈ పుస్తకంలో పెట్టుకున్నాను.

అయినా కదల్లేదు. ఆ పెట్టె సందు వైపు చూస్తూ ఉండిపోయాను, చెయ్యి దూర్చితే పాతదేదైనా వెనక్కి వస్తుందన్నట్టు.

వెనక చెప్పుల చప్పుడైంది. ఆరో అంతస్తు నర్సు. డ్యూటీ చీరలో ఉంది, చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. ఆ ఇంట్లో ఉండేది ఆవిడ, భర్త. నన్ను చూసి కాస్త తడబడింది. ఆ వెంటనే ఎప్పటిలాగే ఆప్యాయంగా నా భుజం మీద చెయ్యి వేసింది.

"వేస్తున్నారా అమ్మా? లేకపోతే కాస్త జరుగుతారా, నాకు టైమైపోతోంది."

జరిగాను.